బల్లమీది నేల

చదరంగపు బల్లమీద నేల లేదు. రాజు, మంత్రి, ఏనుగు, గుఱ్ఱము, శకటు, బంటు అందరును ఉన్నారు. వారు నడచుటకు 64 గళ్లున్నవి. కాని ఒక గడికిని మఱియొక గడికిని రంగులో తప్ప భేదము లేదు. గుఱ్ఱము బురదలో దిగబడదు. ఏనుగునకు ఏఱు అడ్డము రాదు. బంటు చెట్టుచాటున దాగడు. నిజమైన యుద్ధములోనో, సేనాపతి చేయు పనిలో సగము నేలను చూచుకొనుటయే. మిట్ట ఎచ్చట నున్నది, దాని వెనుక ఏమున్నది, వాగును ఎచ్చట దాటవచ్చును, తోపులో ఎందరు దాగవచ్చును అని తెలిసికొనలేనివాడు ఎంత సైన్యముండియు ఓడిపోవును. మన దేశమున పుట్టి పారశీకము మీదుగా ఐరోపా చేరిన చదరంగములోని ఈ లోటు అచ్చటివారికి ఒకనాడు తోచెను. ఆ ఊహనుండియే బొమ్మసైన్యములతో బల్లమీద ఆడు యుద్ధక్రీడ బయలుదేరినది.

ఇప్పుడు మేము చెప్పబోవునది ఆ సైన్యములను గూర్చి కాదు, అవి నిలుచు నేలను గూర్చి. ఆ గుట్టలను, తోపులను, వాగులను ఎట్లు కట్టుదురు, వానికి రంగు ఎట్లు వేయుదురు, ఆటబొమ్మల క్రింది నేలకు అంత శ్రద్ధ ఎందుకు అనునదే మా విషయము.

1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున హెల్విగ్ అను అధ్యాపకుడు చదరంగపు గళ్లను వేయికి పైగా పెంచి, వానికి కొత్త రంగులు పంచిపెట్టెను. ఎఱ్ఱగడి కొండ, నీలపుగడి నీరు, ముదురాకుపచ్చ అడవి, లేతాకుపచ్చ చిత్తడినేల. రంగును బట్టి పావు నడక మారును. నేలకు రంగు వేయుట అందము కొఱకు మాత్రమే కాదు, అర్థము కొఱకు అను సూత్రము ఆ బల్లమీదనే కనబడుచున్నది.

తరువాత ప్రష్యా దేశమున రైస్విట్స్ అను పౌరాధికారి గళ్లనే తీసివేసి, ఇసుకలో కొండలను లోయలను తీర్చి ఆట నడపెను. రాజకుమారులు చూచి మెచ్చుకొనిరి. ఆ సంగతి విని రాజు తానును చూడగోరెను. ప్రభువు ఎదుట ఇసుక కుప్ప పోయుట మర్యాద కాదని తలచి రైస్విట్స్ కొంత గడువు తీసికొని, ప్లాస్టర్‌తో చదరపు పలకలు పోతపోసి, వానిమీద మిట్టపల్లములు తీర్చి, రంగులు వేసి, సొరుగులు గల పెద్ద బల్లతో సహా 1812లో మూడవ ఫ్రెడరిక్ విలియమ్ రాజునకు సమర్పించెను. పలకలను ఎట్లు మార్చి పేర్చినను ఒక క్రొత్త ప్రదేశము ఏర్పడును. నేడు యుద్ధక్రీడాకారులు చేసికొను విడివిడి నేలపలకలకు ఇవి తాతల వంటివి. 1824లో ఆయన కుమారుడు పలకలను విడిచి, 8000కు 1 వంతు కొలత గల పటములమీద ఆటను నిలిపెను. ప్రష్యా సైన్యము దానిని తన అధికారుల శిక్షణకు స్వీకరించెను.

సైనికాధికారుల చేతిలోని ఆటను ఇంటింటి ఆటగా మార్చినవారిలో ముఖ్యుడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. 1913లో ఆయన ప్రకటించిన ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకమున ఈ ఆట నియమములు కలవు. ఆయన రణభూమి గచ్చునేలయే. చెక్కదిమ్మలు ఇండ్లు, పలకలు కొండలు, తోటలో విరిచిన కొమ్మలు చెట్లు, సుద్దగీతలు నదులు. నేలను గూర్చి ఆయన పెట్టిన నియమము ఒకటి మిక్కిలి న్యాయమైనది. నాణెము ఎగురవేసి, ఇద్దరిలో ఒకరు ఆ ప్రదేశమును అమర్చవలెను, ఏ వైపున నిలిచి పోరాడవలెనో రెండవవారు ఎంచుకొందురు. అరిసెను విరుచువాడొకడు, ఏరుకొనువాడొకడు అయినప్పుడు రెండు ముక్కలును సమముగానే ఉండును గదా! నేల ఎవరి పక్షమునను ఉండరాదని వెల్స్ ఉద్దేశము. నిజమైన యుద్ధము కంటె ఈ బొమ్మయుద్ధము ఎంతో మేలని ఆ పుస్తకముననే ఆయన వాదించెను. మఱుసటి సంవత్సరమే, 1914లో, నిజమైన మహాయుద్ధము వచ్చిపడినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండు, అమెరికాలలో ఈ ఆట మరల చిగిర్చినది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టన్ వ్రాసిన పుస్తకము వంటివి దానిని అనేకులకు పరిచయము చేసినవి. ఇప్పుడు విరివిగా వాడు బొమ్మసైనికుని ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు, అనగా మనిషిలో దాదాపు 60వ వంతు. ఆ లెక్కన 6 అడుగుల బల్ల 360 అడుగుల నేలకు మాత్రమే సమానము. ఈ చివర పేల్చిన తుపాకిగుండు ఆ చివర తగులును. ఇక సేనలు కదలుటకు చోటేది? కావున ఆటలో దూరములను కుదించుకొందురు. రెండిండ్లు ఒక ఊరికి గుర్తు, పది చెట్లు ఒక అడవికి గుర్తు. బల్లమీది నేల నిజమైన నేలకు నకలు కాదు, ఇద్దరు ఆటగాండ్రు ఒప్పుకొన్న భాష.

అందుచేత నేలను చేయువానికి రెండు ధర్మములు కలవు. అది కంటికి నిజమని తోపవలెను, ఆటకు నిస్సందేహముగా ఉండవలెను. ఒక బొమ్మ తోపు అంచున సగము లోపల, సగము వెలుపల నిలిచినదనుకొందము. అది చెట్లచాటున ఉన్నట్లా, బయట ఉన్నట్లా? గుండు తగులునా, తగులదా? ఆ అంచు స్పష్టముగా లేనిచో ఆట అచ్చటనే వాదులాటగా మారును. అందమొకటే చూచుకొన్నవాడు ఇట్టి చోట చిక్కుపడును. స్పష్టతయొకటే చూచుకొన్నవాడు హెల్విగ్ గళ్లకు తిరిగిపోవును. ఈ రెంటిని కలుపుటలోనే పనితనమంతయు ఉన్నది.

మొదట ఒక గుట్టను కట్టుదము. దీనికి నేడు అందఱును వాడునది అంగుళము మందము గల గట్టి నురుగుపలక. అది దొరకనిచోట పెట్టెలలో వచ్చు థర్మోకోల్ చాలును గాని, దానిని కోసినప్పుడు తెల్లని గింజలు రాలి ఇల్లంతయు పరచుకొనును. పలకను అండాకారముగా కోసి, దానిమీద అంతకంటె చిన్నదానిని, ఆపైన ఇంకను చిన్నదానిని అంటింపవలెను. ప్రక్కలను పూర్తిగా వాలుగా చెక్కినచో కొండ అందముగనే ఉండును, కాని దానిమీద ఏ సైనికుడును నిలువడు, జారిపడును. కావున బొమ్మ అడుగుబిళ్ల పట్టునంత వెడల్పుతో మెట్లు విడిచి, అంచులను మాత్రము వాలుగా చెక్కుదురు. రాతిముఖము కావలసినచోట కత్తితో కోయక చేతితో త్రుంచుటయే మేలు. విరిగిన అంచునకు ఉన్న సహజత్వము కోసిన అంచునకు రాదు. ఎండిన చెట్టు బెరడు ముక్కలును చక్కని బండలగును. కత్తి పదునుగా ఉండవలెను, పిల్లలు చేయునప్పుడు పెద్దలు దగ్గర నుండవలెను. కాల్చిన తీగతో నురుగును కోయువారు కిటికీలు తెఱచియుంచవలెను. ఆ పొగ పీల్చదగినది కాదు.

ఈ గుట్టను పలుచని చెక్కపై అంటించుట వాడుక. ఇచ్చట ఒక మోసమున్నది. పైభాగమున నీళ్లు కలిసిన జిగురు పూయగానే చెక్క ఆ వైపున తడి పీల్చి, ఎండునప్పుడు ముడుచుకొని పడవవలె వంగును. దీనికి విరుగుడు సులభము. అడుగుభాగమునకు కూడ ముందే ఒక పూత రంగు వేసినచో లాగుడు రెండు ప్రక్కల సమమగును, చెక్క చదునుగా నిలుచును.

మఱియొక మోసమును మేము అనుభవముచేత నేర్చుకొంటిమి. మొదటి గుట్టను ఒక సెలవుదినమున ఎంతో ఓపికతో చెక్కి, త్వరగా ముగించు తలంపుతో పిచికారీ డబ్బాలోని రంగును నేరుగా కొట్టితిమి. చూచుచుండగనే గుట్ట చిల్లులు పడి, కరగి, చెదపుట్టవలె అయినది. ఆ డబ్బాలలోని ద్రావకము ఈ నురుగును తినివేయును. కావున మొదట నీటిరంగునైనను, నీళ్లు కలిపిన ఫెవికాల్ వంటి తెల్లజిగురునైనను సందు లేకుండ పూసి, ఆరిన పిమ్మటనే మఱి యే రంగైనను వేయవలెను.

తరువాత జిగురు రాసి ఇసుక చల్లుదురు. ఇచ్చటనే కొలత జ్ఞాపకముంచుకొనవలెను. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు 60వ వంతు లోకములో 60 మిల్లీమీటర్ల రాయి. ఏటి ఇసుకను తెచ్చి అట్లే చల్లినచో ఆ నేలమీద బొమ్మసైనికుడు రాళ్లలో నడచినట్లుండును. సన్నని జల్లెడలో పట్టిన ఇసుకను నేలకును, జల్లెడలో మిగిలిన దానిని అచ్చటచ్చట, గుట్ట మొదట, వాగు ఒడ్డునను వాడవలెను. ఒక రాత్రి ఆరనిచ్చి, నీళ్లు సగము జిగురు సగము కలిపిన ద్రవములో పాత్రలు కడుగు సబ్బు ఒకటి రెండు బొట్లు వేసి పైన పూసినచో, అది రేణువుల మధ్యకు ఇంకి ఇసుకను రాయిగా పట్టును.

ఇంతవఱకు వచ్చినవారు తఱచుగా ఒక ప్రశ్న వేయుదురు: నిజమైన ఇసుకయే గదా, దానికి మరల రంగెందుకు? రేడియోలో పనిచేయు మాకు ఈ ప్రశ్న పరిచితమే. నాటకములో గుఱ్ఱపు డెక్కల చప్పుడునకు రెండు కొబ్బరిచిప్పలను కొట్టుదురు. మంటల చిటపటలకు పలుచని జిగేలుమను కాగితమును నలుపుదురు. మైకు ముందు నిజమైన మంట పెట్టినను శ్రోత చెవికి అది మంట కాదు, ఏదో గరగర. ఇసుకయు అంతే. రేణువులు దీపపు వెలుగులో తళతళలాడి, ‘మేము ఇసుకరేణువులము, నేల కాము’ అని చాటుకొనును. పైగా ఎండలో కొండకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క నీడ గట్టిగా ఏర్పడును. గదిలోనో, గోడలనుండి పైకప్పునుండి పరచుకొనిన వెలుగు నీడలను నింపివేయును. చిన్న గుట్ట చప్పగా కనబడును. సూర్యుడు చేయవలసిన పనిని అచ్చట కుంచె చేయవలెను.

ఆ పనిలో మూడంతస్తులు కలవు. మొదటిది మూలవర్ణము. ముదురు గోధుమరంగును గుంటలన్నియు నిండునట్లు ధారాళముగా పూయవలెను. ఇదియే నీడ. అది పూర్తిగా ఆరవలెను. రెండవదానిని పొడికుంచె అనవచ్చును. వెడల్పైన పాత కుంచెకు మొదటిదానికంటె లేతరంగును అద్ది, పాతగుడ్డమీద దాదాపు అంతయు తుడిచివేసి, ఆ మిగిలిన పొడి రంగుతో ఇసుకమీద తేలికగా అటునిటు రాయవలెను. రంగు ఎత్తుల శిఖలకు మాత్రమే అంటును, గుంటలలోనికి దిగదు. మూడవసారి ఎండుగడ్డి రంగునో, ఎముక రంగునో అంతకంటె తేలికగా, ఎత్తైన అంచులకు మాత్రమే తాకించవలెను. అంతవఱకు బురద పూసిన పలకవలె నున్నది ఆ క్షణమున నేలగా మారును. తొలిసారి చూచినవారు తమ చేతిలో ఏదో మహిమ ఉన్నదనుకొందురు. మహిమ కుంచెలో రంగు లేకపోవుటలో ఉన్నది. తడి కుంచెతో తొందరపడినవాని గుట్ట గీతలు గీతలుగా పాడగును.

బండలకు ఇదే క్రమము బూడిదరంగుతో. పగుళ్లు కనబడవలెనన్నచో నల్లరంగును నీళ్లవలె పలుచన చేసి పైనుండి విడువవలెను. అది తనంతట తాను సందులలో చేరును. నేలకు వాడిన లేతరంగునే చివర బండలకు, గోడలకు, ఇండ్ల అడుగులకు కూడ ఒకింత తాకించుట మంచిది. ఒకే దుమ్ము అన్నింటిమీద పడినట్లుండి, విడివిడిగా చేసిన తునకలు ఒకే ఊరివని తోచును.

ఆ తరువాత గడ్డి. రంగు అద్దిన రంపపు పొట్టు పాత పద్ధతి. స్థిరవిద్యుత్తుతో నిటారుగా నిలుచు సన్నని నైలాను పోగులు నేటి పద్ధతి. రెంటిలో ఏదైనను నేలనంతయు కప్పక, కాలిబాటను, గుట్ట అంచును విడిచి అతుకులు అతుకులుగా వేయవలెను. పండిన గోధుమచేను కొఱకు పాశ్చాత్య క్రీడాకారులు వాడు వస్తువును చూచి మన కోనసీమవారు నవ్వుకొందురు. అది గుమ్మము ముందు వేయు కొబ్బరిపీచు పట్ట. దానిని చతురస్రముగా కోసి బల్లమీద పెట్టినచో కోతకు వచ్చిన చేనుగా నిలుచును. చెట్లను మాత్రము నేలకు అంటింపరాదు. తోపు హద్దును వేరు రంగు గల ఒక పలకగా చేసి, దానిమీద చెట్లను విడిగా నిలుపుదురు. సైన్యము లోపలికి వచ్చినప్పుడు చెట్లను తీసి ప్రక్కన పెట్టినను పలక అంచు కదలదు. మనము పైని చెప్పుకొన్న వాదులాటకు ఇదియే పరిష్కారము.

నీటి విషయమున పిల్లలు, పెద్దలు కూడ చేయు పొరపాటు ఒకటే: నీలిరంగు. వరద గోదావరిని చూచినవారెవరును దానిని నీలమనరు. ఏటికి ఒడ్డున మట్టిరంగు, లోనికి పోయిన కొలది ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమ, నడుమ దాదాపు నలుపు వేసి, ఆరిన పిదప మెఱుపు వార్నిషును మూడు నాలుగు పూతలు పూయవలెను. లోతును రంగు చూపును, తడిని మెఱుపు చూపును. మిగిలిన నేలకంతకు మెఱుపు లేని వార్నిషు పూయవలెను. మెఱయు కొండ తడిసిన కొండవలె ఉండును.

నేల విషయమున శ్రద్ధ ఎంత దూరము పోగలదో తెలియుటకు ఒక నిజకథ కలదు. విలియమ్ సైబోర్న్ అను ఆంగ్ల సైనికాధికారికి 1830లో, 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధమును నమూనాగా చేయు పని అప్పగింపబడినది. ఆయన ఆ రణరంగమధ్యమున నున్న లా హే సాంత్ పొలమునందలి ఇంటిలో ఎనిమిది మాసములు నివసించి నేలను కొలిచెను. యుద్ధములో పాల్గొన్న అధికారులకు లేఖలు వ్రాసి, ఎవరు ఎచ్చట నుండిరో అడిగి తెలిసికొనెను. మైలునకు 9 అడుగుల కొలతతో నేలను తీర్చెను. ఆ కొలతలో మనిషి 3 మిల్లీమీటర్లే అగును, కంటికి ఆనడు. కావున ఆయన 10 మిల్లీమీటర్ల బొమ్మలు చేయించి, ఒక్కొక్క బొమ్మ ఇద్దరు సైనికులకు గుర్తుగా, డెబ్బదివేలకు పైగా నిలిపెను. నేలకు ఒక కొలత, మనిషికి ఒక కొలత. నేటి క్రీడాకారులు చేయు రాజీని ఆయన అప్పుడే చేసెను.

వాటర్లూలో వెల్లింగ్టన్ తన సేనలో ఎక్కువభాగమును ఒక మిట్ట వెనుక వాలులో దాచి యుంచెను. ఆ మిట్ట పెద్దది కాదు. నిజముగా 15 మీటర్ల ఎత్తు గల మిట్ట సైబోర్న్ కొలతలో ఒక అంగుళము మాత్రమే. ఆ అంగుళమును తప్పుగా చేసినచో దాగిన సేన బయటపడును, యుద్ధమునకు అర్థమే మారిపోవును. దానికి తోడు ఆయన వచ్చునప్పటికే నేల మారియున్నది. 1826 నాటికి పూర్తియైన 40 మీటర్ల స్మారక దిబ్బకు కావలసిన మట్టిని ఆ మిట్టనుండియే త్రవ్వి పోసిరి. లేని నేలను సాక్షుల మాటనుండి తిరిగి కట్టవలసి వచ్చెను.

1833లో ప్రభుత్వము ధనసహాయము నిలిపివేసెను. ఆయన అప్పులపాలై, మిత్రుల సాయముతో పని ముగించి, 1838లో లండనులోని ఈజిప్షియన్ హాలులో ప్రదర్శించెను. లక్షమంది వఱకు వచ్చి చూచిరి. అయినను పెట్టిన సొమ్ము ఆయనకు తిరిగి రాలేదు. సాయంకాలపు ఆ గడియలో ప్రష్యన్ సేనలు ఎంతవఱకు వచ్చియుండెను అను విషయమై వెల్లింగ్టన్ పక్షమువారితో వివాదము రేగెను. విజయములో ప్రష్యనుల వాటా ఎంత అను పెద్ద ప్రశ్న ఆ బొమ్మలు బల్లమీద నిలిచిన చోటుతో ముడిపడియుండెను. సైబోర్న్ 1849లో మరణించెను. ఆయన సేకరించిన లేఖలలో అనేకము ఆయన కుమారుడు 1891లో ప్రకటింపగా, నేటికిని చరిత్రకారులు వానిని వాడుచున్నారు. నమూనా లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది.

మన ఇండ్లలో దసరాకును, సంక్రాంతికిని బొమ్మల కొలువు తీర్చునప్పుడు పిల్లలు మట్టితో కొండ కట్టి, ఆవాలో రాగులో చల్లి మొలకలతో పైరు చూపి, అద్దపుముక్కతో చెరువు పెట్టుదురు. ఆ చేతులకు యుద్ధక్రీడ నేలను చేయుట కష్టము కాదు. నురుగుపలక, జిగురు, ఇసుక, పాత కుంచె, మూడు రంగులు చాలును. భేదము ఒక్కటే. కొలువులోని చెరువును ‘నీ ఒడ్డు ఎచ్చట?’ అని ఎవరును నిలదీయరు. యుద్ధక్రీడ బల్లమీదనో, ఎదుటివాడు ప్రతి గడియ వంగి చూచి, కొలిచి, నేలను ప్రశ్నించుచుండును. ఓడినవాడు గూడ లేచి, ‘కొండ అచ్చటనే ఉన్నది, చూడనిది నేనే’ అని ఒప్పుకొనగలిగినచో, ఆ కొండను చేసినవాడు తన పని సరిగా చేసినట్లే.